రెండు గొంతులు వినిపిస్తే

మా వంటింటి బల్ల మీద నుంచి,
ఆదివారం పొద్దున

అక్కకి,

నీ ఉత్తరం అంది పది రోజులైంది. జవాబు ఆలస్యమైనందుకు తిట్టుకుంటూ ఉంటావని తెలుసు. "ఫోన్‌లో నీ గొంతు వింటే నాకు చెవిపోటు వస్తోంది, ఇకనుంచి ఉత్తరాలే రాయి, కాగితం మీద అరవడం ఎవరికీ చేతకాదు" అని నువ్వు పెట్టిన షరతు నేనింకా తప్పలేదు. నన్నేం చేయమంటావు చెప్పు. ఇరవై రెండేళ్ళుగా లిఫ్టులు బాగుచేస్తున్నవాణ్ణి. ఎనిమిదో అంతస్తులో నిలబడి అడుగున ఉన్న మనిషికి వినబడేలా "పైకి" అనాలి, అతను "పైకి" అని తిరిగి అంటేనే మీట నొక్కాలి. ఆ గొంతుతోనే ఇంటికొస్తాను. ఉప్పు అందుకోమంటే పక్కింటావిడ కూడా ఉప్పు పట్టుకొస్తోంది.

అసలు సంగతికి వస్తాను. మన బొంగరాన్ని పన్నెండేళ్ళలోపు ఫుట్‌బాల్ జట్టులోకి తీసుకున్నారు. నడక నేర్చిన రోజుల్లో రెండు చుట్లు తిరిగి పడిపోతుంటే నువ్వే కదా దానికి ఆ పేరు పెట్టింది. ఇప్పుడు పదకొండేళ్ళు వచ్చాయి, బంతి కాలికి తగిలితే ఇప్పటికీ అలాగే తిరుగుతుంది, కాకపోతే పడిపోదు. మైదానం మధ్యలో ఆడిస్తున్నారు. కోచ్ బేకరీలో పనిచేస్తాడు. అందరూ రొట్టెల మాస్టారు అంటారు. కనుబొమల మీద పిండి దులుపుకోకుండానే వచ్చేస్తాడు. మనిషి మంచివాడే, గొంతు మాత్రం లేదు. గీత పక్కన నిలబడి ఏదో గుసగుసలాడుతుంటాడు.

నిన్న మొదటి మ్యాచ్. నేను ఊరికే కూర్చునే రకమా? ఆయన తరఫున కూడా నేనే చెప్పాను. ఎక్కడికి పరిగెత్తాలి, ఎవరికి ఇవ్వాలి, ఎప్పుడు వెనక్కి రావాలి, అన్నీ. తీరా చూస్తే మన పిల్ల బంతి దగ్గరికి వస్తుంటే చేతులు కట్టుకుని నిలబడింది. ఒకసారి కాదు, నాలుగుసార్లు. బస్సు కోసం ఎదురుచూస్తున్న మనిషిలా. నాకు ఒళ్ళు మండిపోయింది. మూడు గోల్స్ తేడాతో ఓడాం.

రిఫరీగా ఒక కాలేజీ పిల్లని పంపారు. బంతి గీత దాటినప్పుడు మనకి రావాల్సిన త్రో వాళ్ళకి ఇచ్చింది. "ఆ అమ్మాయిని మా ఆవిడ పనిచేసే కళ్ళద్దాల షాపుకి పంపండి, అద్దాలు నేనే ఇప్పిస్తాను" అన్నాను. గట్టు మీద అందరూ నవ్వారు. నీ మరదలు మాత్రం లేచి వెళ్ళి అవతలి జట్టు తల్లుల మధ్య కూర్చుంది. సరదాగా అన్నమాటకి అంత అవసరమా చెప్పు.

నీ మోకాలి నొప్పి ఎలా ఉంది?

నీ తమ్ముడు


లైబ్రరీ, బైండింగ్ గది,
గురువారం, మధ్యాహ్నం తీరికలో

తమ్ముడూ,

పిల్ల జట్టులోకి వచ్చిందంటే సంతోషం. దాని బూట్లు కొత్తవి అయితే రెండు జతల మేజోళ్ళు వేయించు, మడమలు కొట్టుకుపోతాయి. నాకెలా తెలుసని అడక్కు.

మోకాలు తగ్గుతోంది. మెట్ల మీద పడ్డాననుకో.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నాలుగు చోట్ల కలం ఎంత గట్టిగా నొక్కావంటే కాగితం చిరిగింది. వెనక నుంచి సన్నకాగితం అతికించాను, అలవాటైన పని. అంటే కాగితం మీద కూడా నీకు అరవడం చేతనవుతుందన్నమాట, ఒప్పుకుంటున్నాను.

రెండు విషయాలు అడుగుతాను, కోప్పడకుండా జవాబు రాయి. ఒకటి, బొంగరం చేతులు కట్టుకుని ఎందుకు నిలబడిందో దాన్ని అడిగావా? ఊహించడం కాదు, అడగడం. రెండోది, నువ్వు కళ్ళద్దాల మాట అన్నాక ఆ రిఫరీ అమ్మాయి ఏం చేసింది? మ్యాచ్ అయ్యాక ఎవరితో మాట్లాడింది, ఇంటికి ఒక్కతే వెళ్ళిందా, తోడెవరైనా ఉన్నారా? అవన్నీ నీకెందుకు అంటావేమో. ఊరికే.

ఇక్కడ పని బాగానే ఉంది. పిల్లల పుస్తకాల విభాగంలో నూట పది పుస్తకాలకి వెన్నులు ఊడిపోయాయి, వరసగా కుడుతున్నాను. శనివారాలు కొంచెం ఖాళీ దొరుకుతోంది ఈమధ్య.

మరదల్ని అడిగానని చెప్పు. అవతలి తల్లుల మధ్య కూర్చోవడం నాకు నచ్చిందని కూడా చెప్పు.

అక్క


మా వంటింటి బల్ల,
మూడు వారాల తరువాత, ఆదివారం

అక్కకి,

పనుల వల్ల రాయలేకపోయాను. వానలు తగ్గాయి. నీ మరదలు కులాసా.

మ్యాచ్‌లకి ఈమధ్య వెళ్ళడం కుదరడం లేదు. మైదానం పక్కన తొమ్మిది అంతస్తుల భవనం ఒకటుంది, దాని లిఫ్ట్‌కి శనివారం వచ్చేసరికి ఒంట్లో బాగుండటం లేదు. మోటారు గది డాబా మీద ఉంటుంది కదా, అక్కడే ఉండాల్సి వస్తోంది. అక్కడినుంచి చూస్తే అనుకోకుండా మైదానం మొత్తం కనిపిస్తుంది. కాపలాదారు దగ్గర దూరదర్శిని ఒకటి ఉంటే, అది కూడా అనుకోకుండానే, అడిగి తీసుకున్నాను.

నిన్న మన పిల్ల ఆడిన ఆట నువ్వు చూడాల్సింది. ఇద్దరి మధ్య నుంచి తిరిగిన తిరుగుడుకి ఆ ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు గుద్దుకున్నారు. వాళ్ళు పడితే ఆగి లేవదీసి, మళ్ళీ పరిగెత్తింది. చివర్లో సరిగ్గా పక్క అమ్మాయి కాలి ముందుకి బంతి జారవిడిచింది, గోలు. నేను అక్కడ ఒక్కణ్ణే గంతులేస్తుంటే నీళ్ళ ట్యాంకు మీది పావురాలన్నీ లేచిపోయాయి. మ్యాచ్ మొత్తంలో ఒక్కసారి కూడా చేతులు కట్టుకోలేదు. రొట్టెల మాస్టారు పెదవులు కదలడం దూరదర్శినిలో కనబడింది, ఏమంటున్నాడో మరి.

పైన కొట్టేసిన వాక్యం పట్టించుకోకు. తప్పు రాశాను.

పిల్లని అడగమన్నావు కదా, అడుగుతాను. తీరిక దొరకనీ.

తమ్ముడు


బైండింగ్ గది,
మంగళవారం

ఒరేయ్ తమ్ముడూ,

నీకు అబద్ధం ఆడటం చిన్నప్పుడూ రాలేదు, ఇప్పుడూ రాదు. శనివారం శనివారం జబ్బుపడే లిఫ్ట్ ఎక్కడైనా ఉంటుందా? సూటిగా అడుగుతున్నాను. నిన్ను ఎన్ని మ్యాచ్‌లకి బయటికి పంపారు?

నువ్వు కొట్టేసిన వాక్యం కిటికీ వెలుతురుకి పట్టి చదివాను. పాత పుస్తకాల్లో చెరిపేసిన పేర్లు చదవడం నా ఉద్యోగంలో భాగం. "నేను లేకపోతేనే బాగా ఆడుతోంది" అని రాశావు. అదొక్కటే ఆ ఉత్తరంలో నిజం.

నీ సంగతి నాకెలా తెలిసిందంటే, నేనూ ఒకాయన్ని అలాగే బయటికి పంపాను కనుక.

ఇక చెప్పేస్తాను. రెండేళ్ళ కిందట మా లైబ్రరీ గోడ మీద ఒక కాగితం అంటించారు, పిల్లల మ్యాచ్‌లకి రిఫరీలు కావాలని. పరీక్ష రాశాను. నలభై ఎనిమిదేళ్ళ వయసులో, పద్దెనిమిదేళ్ళ పిల్లలతో పాటు మైదానం చుట్టూ పరిగెత్తి ప్యాసయ్యాను. అప్పటినుంచి ప్రతి శనివారం పదేళ్ళ పిల్లల ఆటలకి ఈల వేస్తున్నాను. మోకాలికి దెబ్బ తగిలింది మెట్ల మీద కాదు, మైదానంలోనే. నీకెందుకు చెప్పలేదంటే నువ్వు నవ్వుతావని. ఇంకా నిజం చెప్పాలంటే, రిఫరీల గురించి నువ్వు మాట్లాడే మాటలు విని ఉన్నాను కాబట్టి.

గడ్డమున్న తండ్రి ఒకడు. నాకు తెలిసిన మనిషే. వాళ్ళబ్బాయి పుస్తకాలు చిరిగితే నా దగ్గరికే తెచ్చేవాడు, ఊరికే కుట్టిచ్చేదాన్ని. పోయిన నెల వాళ్ళబ్బాయి చేసిన ఫౌల్‌కి నేను ఈల వేశాను. "అట్టలు అంటించుకునే దానికి ఆటలెందుకు" అని గట్టు మీద నుంచి అన్నాడు. అందరూ నవ్వారు. వాళ్ళబ్బాయి మాత్రం నవ్వలేదు, మైదానం మధ్యలో తలవంచుకుని నిలబడ్డాడు. తండ్రిని బయటికి పంపాను, ఆట పూర్తి చేశాను. తరవాత సామాన్ల గదిలో కూర్చుని బూటు లేసు విప్పడానికి పది నిమిషాలు పట్టింది. ఏడ్చాను కూడా. నీ కళ్ళద్దాల ఉత్తరం సరిగ్గా ఆ తరవాతి వారంలోనే వచ్చింది.

అప్పటినుంచి మైదానానికి వెళ్ళలేదు. ఈల జిగురు కుంచెలు పెట్టే సొరుగులో పడేశాను. ఎవరైనా అడిగితే మోకాలు అంటున్నాను.

నిన్ను తిట్టడానికి రాయలేదు ఇది. నువ్వు నా తమ్ముడివి, నీ గొంతు నాకు తెలుసు, దాని వెనక మనిషీ తెలుసు. ఆ రిఫరీ అమ్మాయికి తెలియదు కదా.

అక్క


మా వంటింటి బల్ల,
ఉత్తరం అందిన రోజే

అక్కా,

తల కొట్టేసినట్టయింది. నాలుగు కాగితాలు మొదలుపెట్టి చింపేశాను. ఆ గడ్డం వాడి మీద కారాలు మిరియాలు నూరాలని కలం తీశాను, ఒక వరస రాసేసరికి వాడి మొహం బదులు నా మొహమే కనబడింది. బుద్ధి గడ్డి తిని అన్నాను ఆ మాట. ఆ అమ్మాయి ఎలా ఇంటికి వెళ్ళిందో నేను చూడలేదు. చూడాలని తోచను కూడా లేదు.

మూడు మ్యాచ్‌లు. నన్ను పంపింది మూడు మ్యాచ్‌లకి. తిరిగి రావాలంటే ఆ అమ్మాయికి క్షమాపణ చెప్పి, రెండు శనివారాలు ఎనిమిదేళ్ళలోపు పిల్లల ఆటకి గీత పక్కన జెండా పట్టాలి. అది ఈ క్లబ్బు పద్ధతి. అరిచినవాళ్ళ చేతికి జెండా ఇస్తారు.

నీ మరదలు చెప్పిన సంగతి ఇంకొకటి. ఆ అమ్మాయి వాళ్ళమ్మకి అద్దాలు కొనడానికి నిజంగానే షాపుకి వచ్చిందట. తనకి కూడా పరీక్ష చేసి చూస్తే అట్టముక్క మీద ఆఖరి వరసలోని ఆవగింజంత అక్షరాలు కూడా గడగడా చదివేసిందట. ఆ సాయంత్రం నీ మరదలు నన్ను తీసుకెళ్ళి అదే కుర్చీలో కూర్చోబెట్టింది. మూడో వరస దాటలేకపోయాను. ఇన్నాళ్ళూ అవతలి గీత దగ్గర ఏం జరిగిందో నాకు కనబడనే లేదక్కా. కనబడనిదాని మీదే అంత అరిచాను. అద్దాలు ఎల్లుండి వస్తాయి.

ఇవన్నీ చిన్నవి. అసలుది ఇది. నువ్వు చెప్పినట్టు పిల్లని అడిగాను. బల్ల దగ్గర కూర్చుని బూట్లు తుడుచుకుంటోంది.

"మొదటి మ్యాచ్‌లో చేతులెందుకు కట్టుకున్నావు?" అన్నాను.

"నువ్వే కదా చెప్పావు" అంది.

"నేనెప్పుడు చెప్పాను?"

"బీరువా జరిపిన రోజు."

గుర్తొచ్చింది. వేసవిలో పెద్ద బీరువాని గది మార్చాం. పిల్లని కూడా ఒక చెయ్యి వేయమని, ముందుగా మా పనిలో నియమం నేర్పాను. చెప్పే గొంతు ఒక్కటే ఉండాలి. రెండు గొంతులు రెండు రకాలుగా చెబుతుంటే ఎవరి మాటా వినకూడదు, వెంటనే చేతులు కట్టుకుని ఆగిపోవాలి. లిఫ్ట్ దగ్గర ఈ నియమం తప్పితే మనుషులు పోతారు. ఆ రోజు రెండుసార్లు పరీక్ష పెట్టి, సరిగ్గా చేస్తే శభాష్ అన్నాను కూడా.

"మాస్టారు ముందుకి వెళ్ళమన్నారు. అంతలో నువ్వు వెనక్కి రమ్మన్నావు. రెండు గొంతులు. అందుకే ఆగాను" అంది.

"ఆయన మాటే వినాల్సింది."

"నీ గొంతే పెద్దది నాన్నా. నువ్వు మొదలుపెట్టాక ఆయనది వినిపించదు. నాకే కాదు, ఎవరికీ."

బూటు కిందపెట్టి నా వైపు చూసి చెప్పింది, మెల్లగా, నన్ను నొప్పించకూడదని. "నువ్వు రాని మూడు వారాలు బాగుంది నాన్నా. నీ మీద కోపం లేదు. కానీ నువ్వు మళ్ళీ వచ్చేట్టయితే వచ్చే ఏడాది నేను ఆడను."

ఆట మానేస్తానంది అక్కా, ఆ తిరుగుడు తిరిగే పిల్ల. నా వల్ల. అంతా నేర్పింది నేనే, అది నేర్చుకున్నట్టే నడుచుకుంది, దానికే మళ్ళీ నేను ఒళ్ళు మండించుకున్నాను. ఆ గట్టు మీద నాకు చోటు కావాలి. క్లబ్బు ఇచ్చేది కాదు, పిల్ల ఇచ్చేది. ఎలా సంపాదించాలో తెలియడం లేదు.

నువ్వు ఈల సొరుగులో పడెయ్యకు. నాలాంటివాళ్ళ కోసం నువ్వు మానేయడం నాకు నచ్చలేదు.

తమ్ముడు


బైండింగ్ గది, జిగురు ఆరేలోపు,
శుక్రవారం

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. బీరువా నియమం దగ్గర నవ్వే గెలిచింది. పక్క గదిలోంచి వచ్చి ఏమైందని అడిగారు.

చోటు ఎలా సంపాదించాలని కదా అడిగావు. నాకూ తెలియదు. జెండా మాత్రం ఎలా పట్టాలో తెలుసు, అది చెబుతాను. చేతిని భుజానికి బిగించి పట్టకు, నొప్పెడుతుంది. మైదానం వైపున్న చేతిలో పట్టుకో. బంతి గీత పూర్తిగా దాటితేనే ఎత్తు, గీత మీద ఉంటే లోపలే. ఎవరి కాలికి చివర తగిలిందో చూడు, త్రో వాళ్ళ ఎదుటి జట్టుకి. మొహాలు చూడకు. మొహం చూస్తే మనసు ఒకవైపు ఒరుగుతుంది, ఎంతటివాళ్ళకైనా. అన్నిటికన్నా ముఖ్యం, జెండా పట్టినవాడు మాట్లాడకూడదు. నీకు ఈ ఉద్యోగం ఎవరిచ్చారో గాని దేవుడి లాంటివాళ్ళు.

చిన్నప్పుడు మనిద్దరం వరండాలో మేజోళ్ళు చుట్టి బంతి ఆడేవాళ్ళం, గుర్తుందా? నేను గోలు కొట్టిన ప్రతిసారీ "గాలి తగిలింది, చెల్లదు" అనేవాడివి. తలుపులన్నీ మూసిన వరండాలో గాలి. అప్పుడే నీ చేతికి ఒక జెండా ఇచ్చి ఉంటే బాగుండేది.

ఈల సంగతి ఇప్పుడు అడక్కు.

అక్క


మా వంటింటి బల్ల,
రెండు శనివారాల తరువాత

అక్కా,

కొత్త కళ్ళద్దాలతో రాస్తున్న మొదటి ఉత్తరం ఇది. నా దస్తూరీ ఇంత ఘోరంగా ఉంటుందని ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?

క్షమాపణ చెప్పాను. మాటలన్నీ బట్టీ పట్టుకుని వెళ్ళాను, ఆ అమ్మాయిని చూడగానే అన్నీ మర్చిపోయాను. "తప్పయిపోయిందమ్మా, మా అక్క కూడా రిఫరీ" అని మాత్రం వచ్చింది నోట్లోంచి. ఆ అమ్మాయి నవ్వింది. "మా అమ్మ అద్దాలు చాలా బాగున్నాయి అంకుల్" అంది. నా చేతికి జెండా ఇచ్చి, నువ్వు చెప్పినట్టే, భుజం బిగించవద్దని చెప్పింది.

ఎనిమిదేళ్ళలోపు పిల్లల ఆట ఎప్పుడైనా చూశావా? చూసే ఉంటావులే. ఇరవైమంది ఒకే గుంపుగా బంతి వెనక పోతారు, గోలు కాయాల్సిన గోలీ కూడా. ఒకడు ఆట మధ్యలో నా దగ్గరికొచ్చి లేసు కట్టమన్నాడు, కట్టాను. ఒక పాప గోలు కొట్టి అవతలి గోలీని కావలించుకుంది. నేను తొమ్మిదిసార్లు జెండా ఎత్తాను, తొమ్మిదిసార్లూ ఎవరో ఒకరు నా మీద అరిచారు. మడత కుర్చీలో కూర్చున్న ఒక పెద్దావిడ గొడుగు నా వైపు చూపించి "అద్దాలు పెట్టుకుని కూడా కనబడదేం నాయనా" అంది. నేను నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాను. కుక్కిన పేనులా ఉన్నానని నీ మరదలు ఇంటికొచ్చాక వీధంతా చెప్పింది. ఆట అయిపోయాక ఆ పెద్దావిడే తన సీసాలోంచి నాకు మంచినీళ్ళు పోసిచ్చింది.

నిజం చెప్పనా? నాకు అది బాగుంది. అరవకుండా చూస్తే ఎంత కనబడుతుందో. ఒక పిల్ల పడినప్పుడు మొదట ఎవరు ఆగుతారో, బంతి ఎవరు ఎవరికి ఇవ్వరో, ఓడాక ఎవడు మేజోళ్ళు దించుకుంటూ ఏడుపు దాచుకుంటాడో, అన్నీ.

వచ్చే శనివారం బొంగరం జట్టుకి ఆఖరి మ్యాచ్. స్కోరు సమానంగా ముగిసినా చాలు, కప్పు వీళ్ళదే. మామూలుగా జెండా పట్టే ఆయనకి నడుం పట్టేసింది. ఆ రిఫరీ అమ్మాయే నన్ను అడిగింది. నేను జవాబు చెప్పకుండా ఇంటికొచ్చి పిల్లని అడిగాను.

"జెండా పట్టినవాళ్ళు మాట్లాడకూడదు కదా?" అంది.

"ఒక్క మాట కూడా."

"అయితే రా. కానీ అది రావడం కింద లెక్క కాదు" అంది.

తమ్ముడు


మా వంటింటి బల్ల,
శనివారం సాయంత్రం, బూట్లు విప్పకుండానే

అక్కా,

ఓడిపోయాం. ముందు అది రాసేస్తే మిగతాది నింపాదిగా రాయొచ్చు.

చివరి అయిదు నిమిషాల వరకు ఒకటీ ఒకటీ. గట్టు మీద మనవాళ్ళు లేచి నిలబడ్డారు. నా ముందే, మూడు అడుగుల దూరంలో, బొంగరం, అవతలి జట్టులో రెండు జడల అమ్మాయి, బంతి కోసం గీత వెంబడే పెనుగులాడారు. బంతి బయటికి వచ్చింది. రిఫరీ అమ్మాయి అవతల గోలు దగ్గరుంది, మధ్యలో ఆరుగురు పిల్లలు అడ్డు. తనకి కనబడలేదు. నా వైపు చూసింది.

నాకు కనబడింది. కొత్త అద్దాల్లోంచి కుట్టు దారంతో సహా కనబడింది. ఆఖరున తగిలింది మన పిల్ల బూటు కొసకి.

వెనక నుంచి మనవాళ్ళంతా "మనదే, మనదే" అంటున్నారు. రెండు నెలల కిందట అయితే అందులో అన్నిటికన్నా పెద్ద గొంతు నాదే అయ్యుండేది. నువ్వు చెప్పింది గుర్తొచ్చింది, మొహం చూడకు అని. పిల్ల మొహం చూస్తే నా చెయ్యి ఎటు లేస్తుందో నాకే నమ్మకం లేదు. కాళ్ళనే చూస్తూ జెండా అవతలి జట్టు వైపు ఎత్తాను.

ఎత్తాక తల ఎత్తి చూస్తే, మన పిల్ల చెయ్యి కూడా గాల్లో ఉంది. "నాకే తగిలింది" అని రిఫరీకి చెబుతోంది. వంగి బంతి తీసి ఆ రెండు జడల అమ్మాయి చేతికి ఇచ్చింది.

ఆ త్రో నుంచే వాళ్ళు గోలు కొట్టారు. కప్పు పోయింది. మనవాళ్ళలో ఒకాయన నా వైపు చూసి ఏదో అనబోయాడు. రొట్టెల మాస్టారు వచ్చి నా పక్కన నిలబడ్డాడు. ఆయన గొంతు మొదటిసారి దగ్గరగా విన్నాను. "సరిగ్గా చూశారు" అన్నాడు. అంత చిన్న గొంతులో అంత మంచి మాట ఉంటుందని నాకు తెలియదు.

పిల్లలు వరసగా చేతులు కలుపుకున్నారు. బొంగరం కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ఏడ్చింది కాసేపు, కప్పు పోతే ఎవరికైనా ఏడుపొస్తుంది. నేను జెండా చుడుతూ నిలబడ్డాను, ఏమంటుందోనని. వచ్చి నా నడుం చుట్టూ చేతులు వేసి, "ముందు నా చెయ్యి లేచింది, తరవాత నీ జెండా" అంది.

"లేదు, జెండాయే ముందు" అన్నాను.

"చెయ్యి."

ఇల్లు చేరేదాకా ఇదే గొడవ. నా గొంతు లేచింది, దాని గొంతు కూడా లేచింది, దానికి నా గొంతే వచ్చింది అక్కా, ఇన్నాళ్ళూ గమనించనేలేదు. వీధిలో వాళ్ళు గెలిచి వస్తున్నాం అనుకున్నారు. నీ మరదలు మా ఇద్దరి మధ్య నడుస్తూ, ఈ కేసు మా ఆడపడుచు రిఫరీ గారి దగ్గరికి పంపండి అంది. పంపుతున్నాను. కింద పిల్ల కూడా రాస్తానంటోంది.

తమ్ముడు

అత్తా, నా చెయ్యే ముందు లేచింది. నాన్న చూడలేదు, ఎందుకంటే నాన్న నా వైపు చూడకుండా జెండా ఎత్తాడు. నేను నాన్ననే చూస్తున్నాను కాబట్టి నాకు తెలుసు. కాళ్ళనే చూస్తున్నాడు, జెండా మాత్రం వంగలేదు. వచ్చే ఏడాది నేను ఆడుతున్నాను. నాన్నని గట్టు మీదికి రమ్మన్నాను, అది రావడం కింద లెక్కే అని కూడా చెప్పాను. నువ్వు ఈల మళ్ళీ ఎప్పుడు వేస్తావు? మేం చూడటానికి వస్తాం. బొంగరం.


మైదానం పక్క సామాన్ల గది, చెక్కబల్ల మీద,
మూడు వారాల తరువాత, శనివారం

తమ్ముడికీ, మరదలికీ, మా బొంగరానికీ,

మీ బస్సు ఇప్పుడే బయల్దేరి ఉంటుంది. అయినా రాస్తున్నాను. ఎదురుగా చెప్పలేని మాటలు కొన్నున్నాయి, అవి ఉత్తరంలోనే కుదురుతాయి.

ఈల శుభ్రం చేయడానికి నాలుగు రోజులు పట్టింది. సొరుగులో జిగురు సీసా ఒలికి దానిలోకి పోయింది. వేడినీళ్ళలో నానబెట్టి, కుట్టే సూదితో గీకి తీశాను. అందుకే ఇవాళ మొదటి ఈల కాస్త తుమ్మినట్టు మోగింది. పిల్లలందరూ నవ్వారు, నేనూ నవ్వాను. దాంతో భయం సగం పోయింది.

మిగతా సగం గట్టు మీద ఉంది. ఆ గడ్డం మనిషి మొదటి వరసలోనే కూర్చున్నాడు, చూశావు కదా. ఆట మొత్తం ఒక చెవి అటే పెట్టాను. రెండుసార్లు వాళ్ళబ్బాయి మీద ఈల వేశాను. రెండుసార్లూ అతను ఏదో అనబోయి నీ వైపు చూసి ఆగిపోయాడు. పక్కనే కూర్చుని నువ్వేమన్నావో నాకు వినబడలేదు. నీ మాట పక్కనున్నవాడికి మాత్రమే వినబడిన రోజు ఇదే మొదటిది అనుకుంటాను.

నీ గొంతు కోసం కూడా విన్నాను. ఆట అయ్యేదాకా రాలేదు. చివరి ఈల వేశాను, పిల్లలు చేతులు కలుపుకుంటున్నారు, అప్పుడు వచ్చింది. ఎనిమిది అంతస్తుల కింద ఉన్న మనిషికి వినబడే ఆ గొంతు. "రిఫరీ గారూ, బాగా ఆడించారు."

అక్కా అనలేదు నువ్వు. రిఫరీ గారూ అన్నావు. మైదానంలో అందరూ తిరిగి చూశారు. వెంటనే బొంగరం, అచ్చం నీ గొంతుతో, అదే మాట తిరిగి అంది. మీ పనిలో తిరిగి చెబితేనే కదా కదలాలి. నేను కదల్లేకపోయాను. ఈల నోట్లోనే ఉండిపోయింది.

ఇందాక బూటు లేసు ఒక్క లాగులో విప్పేశాను.

కేసు సంగతి. ఇద్దరి వాంగ్మూలాలూ చదివాను. చెయ్యి, జెండా ఒకేసారి లేచాయని తీర్పు. దీని మీద ఎవరు అరిచినా చేతికి జెండా ఇచ్చి, వచ్చే శనివారం ఎనిమిదేళ్ళ పిల్లల ఆటకి పంపుతాను.

అక్క